ప్రతి ఏడూ మళ్లీ చెట్టుకు కట్టుకునే క్రిస్మస్ కార్డు: చేత్తో చేయడం ఎలా?

క్రిస్మస్ కార్డుతో చిక్కు పండగ అయ్యాకే మొదలవుతుంది. ఎవరో తీరిక చేసుకుని కూర్చుని, బొమ్మ వేసి, నాలుగు మాటలు రాసి పంపినదాన్ని పారేయడానికి చేతులు రావు. అలాగని ఏడాది పొడుగునా టేబుల్ మీద నిలబెట్టీ ఉంచలేం. చివరికి అది ఏ సొరుగులోకో పోతుంది. మళ్లీ బయటపడేది ఇల్లు మారేటప్పుడే.

పండగయ్యాక కార్డును కత్తిరించి అలంకరణగా మార్చుకోవడం చాలామందికి తెలిసిన ఉపాయం. అదీ బాగానే ఉంటుంది, ఎలాగో తర్వాత చెప్తాను. కానీ కార్డు మీరే చేస్తున్నప్పుడు అంతదాకా ఆగడం ఎందుకు? ముందు వేలాడే వస్తువు ఏదో అనుకోండి. తర్వాత దాన్ని మోసుకెళ్లే కార్డు చేయండి. మీరు రాయదలచుకున్న మాటలు, పేరు, సంవత్సరం అన్నీ ఆ వేలాడే ముక్క మీదే ఉండాలి. చేత్తో చేసిన కార్డులు చాలావాటిలో ఇదే తిరగబడుతుంది. బొమ్మ ముందువైపు, రాత లోపలి వైపు ఉంటాయి. బొమ్మను కత్తిరించి దాచుకుంటారు, రాత చెత్తబుట్టలోకి పోతుంది. నాలుగేళ్లు గడిచాక ఆ బొమ్మ ఎవరు వేసిందో ఎవరికీ గుర్తుండదు.

కాగితం, ఇంకు, గమ్

ఈ మూడింట్లో ఏది నాసిరకమైనా మిగతా శ్రమంతా వృథా. అందుకే ముందు వీటి గురించి కాస్త వివరంగా.

కాగితం మందాన్ని జీఎస్ఎంలో చెప్తారు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. మామూలు ప్రింటర్ కాగితం 70 నుంచి 80 దాకా ఉంటుంది. మడిచే కార్డుకు 200 నుంచి 250 సరిపోతుంది. వేలాడే ముక్కకు మాత్రం 300 జీఎస్ఎం తీసుకోండి. అంతకంటే పల్చనైతే కొన్నాళ్లకు అంచులు వంకర పోతాయి.

మందం కంటే ముఖ్యం, కాగితం ఎంతకాలం తెల్లగా ఉంటుందనేది. చెక్క గుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తీసేయకుండా చేసిన కాగితం గాలికీ వెలుతురుకూ పసుపెక్కుతుంది. వార్తాపత్రిక ఎండలో కొద్ది రోజులకే రంగు మారేది ఇందుకే. కాగితంలో ఆమ్లం మిగిలిపోయినా పీచు క్రమంగా తెగి, మడత దగ్గర పెళుసుబారి విరుగుతుంది. కాబట్టి ప్యాకెట్ మీద ‘యాసిడ్ ఫ్రీ’ అని ఉందో లేదో చూడండి. ఐఎస్ఓ 9706 అని కనిపిస్తే ఇంకా మంచిది, ఎక్కువ కాలం నిలిచే కాగితానికి ఉన్న ప్రమాణం అది. నూటికి నూరు శాతం కాటన్ గుజ్జుతో చేసిన వాటర్ కలర్ పేపర్ దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. రంగు చార్టు కాగితాలు చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిలో చాలావరకు వెలిసిపోతాయి. తెల్ల అట్ట తెచ్చుకుని రంగు మీరే వేసుకోవడం మేలు.

ఇంకుల్లో రెండు జాతులున్నాయి. డై ఇంకులో రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువులుగా ఉంటుంది. వెలుతురు తగిలితే మొదటిది త్వరగా పాలిపోతుంది, రెండోది చాలాకాలం ఓర్చుకుంటుంది. పిల్లల స్కెచ్ పెన్నులు దాదాపు అన్నీ డై ఇంకువే. వాటితో బొమ్మకు రంగులేస్తే వేయండి, కానీ పేరు, తేదీ, సందేశం మాత్రం పిగ్మెంట్ పెన్నుతోనే రాయండి. పెన్ను మీద ‘పిగ్మెంట్’, ‘వాటర్‌ప్రూఫ్’, ‘లైట్‌ఫాస్ట్’ వంటి మాటలు ఉంటాయి. అలాంటి పెన్ను లేకపోతే మామూలు పెన్సిల్ చాలు. పెన్సిల్ గీతలో ఉండేది గ్రాఫైట్, అంటే కార్బన్. అది వెలవదు. కాకపోతే చెయ్యి తగిలితే చెదురుతుంది, కాబట్టి కాస్త గట్టిగా ఒత్తి రాయాలి.

గమ్ విషయంలో తెల్లటి పీవీఏ గమ్ నమ్మకమైనది. ఆరాక రంగు లేకుండా అయిపోతుంది. అందులోనూ యాసిడ్ ఫ్రీ రకాలు దొరుకుతాయి. ఎక్కువ రాస్తే తడికి అట్ట ఉబ్బుతుంది కాబట్టి బ్రష్‌తో పల్చగా పూసి, ఆరేదాకా బరువైన పుస్తకాల కింద పెట్టండి. రబ్బరు గమ్ వద్దు, కొన్నేళ్లకు గోధుమ రంగు మరక కడుతుంది. సెల్లోటేపు అంతకంటే అన్యాయం. టేపు ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి శాశ్వతంగా కూర్చుంటుంది. స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయి. వాటి అవసరం వచ్చిన చోట సూదీ దారంతో ఒక కుట్టు వేసేయండి.

గ్లిటర్ గురించి ఒక్క మాట. నాకైతే అది అస్సలు పడదు. పెట్టె తెరిచిన ప్రతిసారీ రాలుతుంది, పక్కనున్న కార్డులకు అంటుతుంది, చివరికి అసలు బొమ్మ మీద ఏమీ మిగలదు. మెరుపు కావాలంటే మెటాలిక్ పిగ్మెంట్ పెన్నుతో నాలుగు చుక్కలు పెట్టండి, రాలదు.

గుండ్రటి బొమ్మగా మారే కార్డు

ఇక అసలు కార్డు. రెండు గుండ్రటి అట్టముక్కలు కవరులో బల్లపరుపుగా వెళ్తాయి. అందుకున్నవాళ్లు వాటిని గాట్ల దగ్గర ఒకదానిలో ఒకటి దూర్చితే నాలుగు వైపుల నుంచీ కనిపించే గుండ్రటి బొమ్మ అవుతుంది. గమ్ అక్కర్లేదు. పండగయ్యాక విడదీస్తే మళ్లీ బల్లపరుపే, దాచుకోవడం తేలిక.

కావలసినవి: 200–250 జీఎస్ఎం ఏ4 అట్ట ఒకటి, 300 జీఎస్ఎం తెల్ల అట్ట ఒకటి, పల్చటి కాగితం, కంపాస్, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు వేసిన కట్టర్, కింద పరుచుకోవడానికి కటింగ్ మ్యాట్, కత్తెర, పెన్సిల్, సూది, కాటన్ దారం.

1. ముందు మడత కార్డు. ఏ4 అట్టను సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలు వస్తాయి, ఒక్కోటి 148 × 210 మి.మీ. ఒకదాన్ని సగానికి మడిస్తే 105 × 148 మి.మీ. కార్డు అవుతుంది. 114 × 162 మి.మీ. ఉండే సీ6 కవరు దీనికి సరిగ్గా సరిపోతుంది. రెండో ముక్క ఇంకో కార్డుకు పనికొస్తుంది.

2. మడిచే ముందు అట్టను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొద్దిగా వంచి చూడండి. ఏదో ఒక వైపు తేలిగ్గా ఒంగుతుంది. కాగితంలో పీచు ఆ వంపు వెంట పడుకుని ఉందని అర్థం. మడత గీత కూడా అటే రావాలి. పీచుకు అడ్డంగా మడిస్తే మడత మీద పొర పగిలి తెల్లటి చారలు పడతాయి, కొన్నేళ్లకు అక్కడే చిరుగుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు వెంట ఒత్తి గీత గీయండి. గాడి పడిన వైపు బయటికి, ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా మడవండి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు, ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

3. 300 జీఎస్ఎం అట్ట మీద 4.2 సెం.మీ. వ్యాసార్ధంతో రెండు వృత్తాలు గీయండి. కంపాస్ సూది గుచ్చిన చోటే కేంద్రం కాబట్టి ఆ చుక్కను చెరపకండి. కోసేటప్పుడు కత్తెరను ఒకచోటే ఉంచి అట్టను తిప్పుతూ పోతే అంచు నునుపుగా వస్తుంది.

4. ప్రతి వృత్తానికీ కేంద్రం గుండా పై నుంచి కిందికి పెన్సిల్‌తో లేత గీత గీయండి, రెండు వైపులా. దూర్చాక ఈ గీత దగ్గర ఇంకో ముక్క అడ్డంగా నిలబడుతుంది. అంటే మధ్యలో వేసిన బొమ్మ రెండు ముక్కలైపోతుంది. ముఖం మధ్యలో ముక్కు ఉన్న శాంతా తాతను వేస్తే ఆ ముక్కు గతి చెప్పనక్కర్లేదు. గీతకు అటూ ఇటూ 3 మి.మీ. ఖాళీ వదిలి, ప్రతి సగాన్నీ విడి బొమ్మగా అనుకోండి. రెండు ముక్కలు, ఒక్కోదానికి రెండు వైపులు, ఒక్కో వైపుకు రెండు సగాలు. మొత్తం ఎనిమిది అర్ధచంద్రాలు మీ చేతిలో ఉన్నాయి. బొమ్మలన్నీ ఇప్పుడే వేసేయండి, రాతలూ ఇప్పుడే. గాటు పెట్టాక పెన్ను అక్కడ ఇరుక్కుంటుంది.

5. ఇప్పుడు గాట్లు. మొదటి ముక్కకు పై అంచు నుంచి కేంద్రం దాకా, రెండోదానికి కింది అంచు నుంచి కేంద్రం దాకా. కేంద్రం దాటి ఇంకో మిల్లీమీటరు పోనివ్వండి, అంటే గాటు పొడవు 4.3 సెం.మీ. అప్పుడే రెండు ముక్కల అంచులూ ఒకే ఎత్తుకు వస్తాయి. గాటు వెడల్పు అట్ట మందమంతే ఉండాలి, ఈ అట్టకు అది అర మిల్లీమీటరు లోపే. స్కేలు పెట్టి ఒక కోత, వెంట్రుకవాసి పక్కకు జరిపి ఇంకో కోత. ఒక్కసారే బలంగా నొక్కకుండా తేలిగ్గా నాలుగైదుసార్లు లాగండి. స్కేలు పట్టుకున్న వేళ్లు బ్లేడు దారిలో ఉండకూడదు. పిల్లలతో చేస్తుంటే ఈ ఒక్క పని మాత్రం పెద్దవాళ్లు చేయాలి. ముందు తుక్కు అట్ట మీద కోసి, ఇంకో ముక్క దూర్చి చూడండి. కాస్త బిగుతుగా దిగితే సరైన కొలత. జారిపోతే గాటు ఎక్కువైనట్టు.

6. దారానికి రంధ్రాలు. ఇక్కడ చాలామంది తప్పు ముక్కకు రంధ్రం పెడతారు. పైన గాటు లేని ముక్కకు నడినెత్తిన ఒక్క రంధ్రం పెట్టడం సులువే. కానీ దాన్ని పట్టుకుని వేలాడదీస్తే పై గాటున్న ముక్క తన బరువుకు మెల్లగా కిందికి జారి, ఓ రోజు ఊడిపడుతుంది. అందుకని పైన గాటున్న ముక్కకే రెండు రంధ్రాలు పెట్టండి. గాటుకు అటొకటి ఇటొకటి, 4 మి.మీ. ఎడంగా, అంచుకు 6 మి.మీ. కిందుగా. అప్పుడు రెండో ముక్క దీని ఒళ్లో కూర్చుంటుంది, జారే వీల్లేదు.

7. పాతిక సెంటీమీటర్ల దారం తీసుకుని ఒక కొసను ఎడమ రంధ్రానికి, రెండో కొసను కుడి రంధ్రానికి ముడేయండి. దారం గాటుకు అడ్డం పోకూడదు. రెండో ముక్కను పై నుంచి దూర్చాక, దాని నెత్తి మీదుగా రెండు దారాలనూ కలిపి ఓ ముడి బిగిస్తే బొమ్మకు తాళం వేసినట్టే. ఈ చివరి ముడి అందుకున్నవాళ్లు వేసుకోవాలి.

8. కార్డు ముందువైపు మధ్యలో 4.2 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తాన్ని లేతగా గీసి, దాని పై అంచుకూ కింది అంచుకూ 3 మి.మీ. లోపలగా 3.5 సెం.మీ. పొడవున అడ్డంగా రెండు చీలికలు కోయండి. మొదటి ముక్కను కొద్దిగా విల్లులా వంచి ఆ చీలికల్లోకి దూర్చితే ఫొటో ఆల్బమ్‌లో ఫొటోలా కూర్చుంటుంది. లోపలి వైపు దాని కొసలు పైకి కనిపిస్తాయి. వాటిని కప్పుతూ పల్చటి కాగితం పెట్టి, కాగితం నాలుగు అంచులకే గమ్ రాయండి. మధ్యలో రాస్తే ముక్క బయటికి రాదు.

9. లోపల కుడివైపు పేజీకి రెండో ముక్క కోసం జేబు. 10 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తున్న కాగితానికి ఎడమ, కుడి, కింది అంచుల్లో 5 మి.మీ. మేర గమ్ రాసి అతికించండి. ఎడమ పేజీలో ‘రెండూ బయటికి తీసి, గాటులో గాటు దూర్చండి, పైన ముడేయండి’ అని రాసి పక్కన చిన్న బొమ్మ గీయండి. ఇది రాయకపోతే సగం మందికి అది వేలాడే వస్తువని తెలియనే తెలియదు, కార్డును కార్డులాగే దాచేస్తారు.

ఏం రాయాలి?

చోటు తక్కువ కాబట్టి ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అన్న మాటకు ఒక్క సగం కంటే ఎక్కువ ఇవ్వకండి. ఆ మాట ఎవరైనా రాస్తారు. మిగతా సగాల్లో ఆ ఏడాదికే చెందిన విషయాలు రాయండి. పాపకు మొదటి పన్ను ఊడిందనీ, కొత్త ఇంటికి మారామనీ, నాన్నగారు కళ్ల ఆపరేషన్ తర్వాత మళ్లీ పేపరు చదువుతున్నారనీ. అందుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత చెట్టుకు కట్టేటప్పుడు చదివేది ఈ మాటలనే. రెండు మూడు చిన్న వాక్యాలు చాలు, అక్షరాలు మాత్రం మరీ చీమల్లా వద్దు.

సంవత్సరం పూర్తిగా నాలుగంకెల్లో వేయండి. ‘అమ్మ’, ‘అన్నయ్య’ అని సంతకం చేసేవాళ్లు పక్కన పేరు కూడా రాయడం మంచిది, ఈ బొమ్మ రేపు మనవల చేతికి వెళ్తే ఎవరి అమ్మో, ఎవరి అన్నయ్యో తెలియాలి కదా. చిన్నపిల్లలు ఉంటే ఒక సగంలో వాళ్ల బొటనవేలి ముద్ర వేయించండి. దానికి పిగ్మెంట్ స్టాంప్ ప్యాడ్ వాడండి, పక్కన వయసు రాయండి. ఏటా అదే పని చేస్తే వరసగా పెట్టి చూసుకోవచ్చు.

ఫొటో అతికించాలనుకుంటే అసలు ఫొటో వాడకండి. ప్రింట్ తీయించి దాన్ని అతికించండి.

జిగ్‌జాగ్ పట్టీ

చెట్టు పెట్టని ఇళ్లకు ఇది బాగుంటుంది. ఏ4 అట్ట పొడవు 297 మి.మీ. దాన్నుంచి 10 సెం.మీ. వెడల్పున పట్టీ కోసి, పొడవును 296కి సరిచేసి, 74 మి.మీ.కు ఒకటి చొప్పున లోపలికీ బయటికీ మార్చి మార్చి మడిస్తే నాలుగు ఫలకాలు వస్తాయి. పై అంచును ఇళ్ల కప్పుల్లాగో, చెట్ల వరసలాగో కత్తిరించండి. మడతల దగ్గర మాత్రం కింది నుంచి కనీసం 4 సెం.మీ. కోయకుండా వదలాలి, లేకపోతే ఫలకాలు విడిపోతాయి. ముందువైపు బొమ్మలు, వెనకవైపు రాత. రెండు చివరి అంచుల్లో పైనొకటి కిందొకటి రంధ్రాలు పెట్టండి. వచ్చే ఏడాది పంపే పట్టీకీ అదే ఎత్తులో రంధ్రాలు ఉంటే అందుకున్నవాళ్లు రెండింటినీ దారంతో కలిపి కట్టుకుంటారు. ఏడేళ్లు పంపితే షెల్ఫ్ మీద ఒక వీధంత ఊరు నిలబడుతుంది. రంధ్రాల కొలత ఎక్కడైనా రాసి పెట్టుకోండి, మరుసటి ఏడాదికి గుర్తుండదు.

మీకు వచ్చిన పాత కార్డులతో బంతి

అచ్చు వేసిన మొదటి క్రిస్మస్ కార్డుగా చెప్పుకునేది 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ వేయించి, వెయ్యి దాకా అచ్చు వేయించారు. వాటిలో ఇవాళ మిగిలినవి చాలా కొద్ది. పారేయని కార్డే మిగులుతుంది, అంతే సంగతి. మీ సొరుగులో ఉన్నవాటికి ఆ గతి పట్టకముందే బయటికి తీయండి.

కత్తెర పట్టే ముందు ప్రతి కార్డునూ లోపలా బయటా ఫొటో తీసి పెట్టుకోండి. ఇక లేనివాళ్లు రాసిన కార్డును కోయకండి. దాన్ని కలర్ కాపీ తీయించి కాపీని కోయండి.

ఈ బంతికి 20 వృత్తాలు కావాలి. 2.4 సెం.మీ. వ్యాసార్ధం పెట్టుకుంటే ఏ6 కార్డు (105 × 148 మి.మీ.) ముందు అట్టలో ఆరు పడతాయి, అంటే నాలుగు కార్డులు చాలు. అయితే ఎక్కువ మంది కార్డులు కలిపితేనే అందం. కంపాస్‌ను అదే కొలతలో ఉంచి వృత్తం అంచు మీద ఆరు గుర్తులు పెట్టండి, ఒకటి విడిచి ఒకటి కలపండి. సమబాహు త్రిభుజం వస్తుంది, భుజం సుమారు 4.16 సెం.మీ. ప్రతి వృత్తానికీ ఇలా గీస్తూ కూర్చోనక్కర్లేదు. ఒక్క త్రిభుజాన్ని మందపాటి అట్టతో కోసి పెట్టుకుని, మిగతా వృత్తాల మీద దాన్నే ఆనించి మూడు పక్కలా ఖాళీ పెన్నుతో గీత ఒత్తండి. మూడు రెక్కలనూ బొమ్మ వైపుకు మడవండి.

ఇలా మడిస్తే రెక్కల వెనకవైపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పైకి కనిపించేది బొమ్మ వైపు మాత్రమే. చేతిరాత ఉన్న వైపు లోపల పడి మూసుకుపోతుంది. కాబట్టి సంతకాలు, మంచి వాక్యాలు ఉన్న చోట విడిగా వృత్తాలు కోసి, వాటి రెక్కలను రాత వైపుకు మడవండి. ఇరవైలో ఐదారు ఇలాంటివి ఉంటే బంతికి ప్రాణం వస్తుంది. సంతకం త్రిభుజం లోపల పడేలా చూసుకుని వృత్తం గీయండి.

అతికించే వరస: ఐదు ముక్కల రెక్కలను పక్కపక్కన అతికిస్తే త్రిభుజాల మొనలు మధ్యలో కలిసి టోపీలా వస్తుంది. అలాంటివి రెండు చేయండి. మిగిలిన పదింటినీ ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా మార్చుకుంటూ పట్టీలా అతికించి, రెండు చివరలూ కలిపి ఉంగరం చేయండి. పై టోపీ మధ్యలో మొనలు కలిసే చోట సూదితో దారం దూర్చి లోపల పెద్ద ముడి వేయాలి. ఇది మూసేలోపే చేయాలి, తర్వాత చెయ్యి దూరదు. ఆపైన టోపీలను ఉంగరానికి రెండు వైపులా అతికించండి. మొత్తం 30 అతుకులు. ప్రతి అతుకుకూ ఆరేదాకా పేపర్ క్లిప్ పెట్టండి. తొందరపడి ఒకేసారి కూర్చుని ముగించాలని చూస్తే ఇటు నొక్కేసరికి అటు ఊడుతుంది. టోపీలు ఒక రోజు, ఉంగరం ఒక రోజు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. రెక్కలతో కలిపి బంతి 9 సెం.మీ. దాకా వస్తుంది.

నిగనిగలాడే కార్డులకు పీవీఏ సరిగ్గా పట్టదు. రెక్క వెనక కూడా నున్నగా ఉంటే సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్ది అతికించండి.

కవరులో పెట్టేటప్పుడు

బొత్తాలు, పూసలు, గంటలు అతికించిన కార్డు దారిలో నలుగుతుంది, పక్క కార్డునూ నలుపుతుంది. అలాంటివి పెట్టాలని ఉంటే దారానికి గుచ్చి చిన్న కాగితపు పొట్లంలో విడిగా పెట్టండి. కవరులో వెనక ఒక గట్టి అట్ట పెడితే గాట్ల దగ్గర వంగదు. దాంతో బరువు, మందం పెరుగుతాయి కాబట్టి స్టాంపు అంటించే ముందు తూకం చూసుకోండి. దారాన్ని చిక్కుపడకుండా ముక్క వెనక చుట్టి పెట్టండి.

వార్నిష్ వేయాలా అని కొందరికి సందేహం. నీళ్లతో కలిసే మ్యాట్ యాక్రిలిక్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వేస్తే మురికి అంటదు. ముందు తుక్కు ముక్క మీద అదే పెన్నుతో రాసి, దాని మీద పూసి చూడండి. ఇంకు పాకితే మానేయండి. వేడి లామినేషన్ మాత్రం నేను చేయమనను. ఒకసారి అతికిన ప్లాస్టిక్ మళ్లీ రాదు, పైగా చేత్తో చేసిన వస్తువు ఐడీ కార్డులా కనిపిస్తుంది.

కట్టడం, విప్పడం, దాచడం

వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది, వెనక్కి రాదు. క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా పన్నెండు రోజులు, అంతకు ముందు రెండు మూడు వారాలు బయట ఉంటే పెద్ద ఇబ్బంది లేదు. ఎండ నేరుగా పడే కిటికీలో మాత్రం కట్టకండి. కొవ్వొత్తుల దగ్గరా, వేడెక్కే పాతకాలపు బల్బుల దగ్గరా కాగితం బొమ్మలు ఉండకూడదు. ఎల్ఈడీ దీపాలు అంత వేడెక్కవు, అయినా బల్బుకు ఆనేలా కట్టకండి.

విప్పాక మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. గుండ్రటి బొమ్మల ముడి విప్పి, రెండు ముక్కలూ విడదీసి, మధ్యలో యాసిడ్ ఫ్రీ టిష్యూ పేపర్ పెట్టి పేర్చండి. పీవీసీ కవర్లలో పెట్టొద్దు. కొన్నేళ్లకు అవి మెత్తబడి ఇంకును పట్టి లాగుతాయి. పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లయితే ఫరవాలేదు. బంతులను నొక్కుకుపోని పెట్టెలో పెట్టండి. పెట్టెను నేల మీదా, తడి గోడకు ఆనించీ, వేడెక్కే అటక మీదా ఉంచొద్దు. తేమకు బూజు పడుతుంది. గంజి గమ్‌ను, కాగితాన్ని కొరికే వెండిరంగు పురుగులూ అక్కడికే చేరతాయి. తేమ ఎక్కువుండే చోట సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, ఏటా మార్చండి.

కొన్నేళ్లకు చిన్న చిన్న మరమ్మతులు తప్పవు. గాటు వదులైతే దాని ఒక పక్క లోపలి అంచుకు సన్నటి టిష్యూ కాగితం పట్టీని పీవీఏతో అతికిస్తే మళ్లీ బిగుస్తుంది. రంధ్రం చిరిగితే వెనకవైపు చిన్న గుండ్రటి కాగితం అతికించి, ఆరాక కొత్త రంధ్రం పెట్టండి. దారం నలుపెక్కితే మార్చేయండి, దానితో అనుబంధం పెట్టుకోనక్కర్లేదు. రాత మసకబారితే దాని మీదే మళ్లీ దిద్దకండి, పాత చేతిరాత రూపం పోతుంది. ఆ మాటలను వేరే చిన్న కాగితం మీద పెన్సిల్‌తో ఎత్తి రాసి, బొమ్మతో పాటు అదే కవర్లో పెట్టండి.